అవ్వ పాలు పొంగించిన పరాయి ఇల్లు

మా అమ్మ మీద ఒట్టు, చెరువుగట్టు మీది కట్టమైసమ్మ మీద ఒట్టు, పొద్దున తాగిన చాయ మీద కూడా ఒట్టు: ఇక్కడ రాస్తున్న ప్రతి ముక్కా నిజం. ఇంత గట్టిగా చెప్పాల్సి రావడానికి కారణం దంతాలపల్లి చుట్టుపక్కల నా మాటకున్న పరువు. మొగుళ్లపల్లి అంగట్లో నేను అమ్మిన దున్నపోతు మూడు రోజులు నడిచి మా ఇంటికి తిరిగొచ్చిందనీ, వస్తూ వస్తూ కొన్నవాడి చెప్పులజత నోట కరుచుకొచ్చిందనీ ఒకసారి చెప్పాను. అప్పటి నుంచి నేను వాన పడుతోందన్నా మా ఊరివాళ్లు చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు. చూసుకోనీ. ఈ సంగతిలో నాకు అబద్ధమాడే అవసరమే రాలేదు. నాకంటే బాగా ఆడేవాళ్లు ఏడు కార్లలో వచ్చారు.

నేను ఉపాధి పనిలో మేటును. నలభై మంది చేత మట్టి తవ్వించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాళ్లను వరసగా నిలబెట్టి, ఫోన్లో ఫోటో తీసి పైకి పంపడం నా పని. ఫోటో ఎక్కితే పని జరిగినట్టు. ఎక్కకపోతే నలభై మందీ ఆ రోజు పుట్టనట్టే. మా ఊళ్లో సిగ్నల్ చెరువుకట్ట మీద తప్ప ఇంకెక్కడా అందదు. కాబట్టి పెళ్లి సంబంధాలు, కరెంటు ఫిర్యాదులు, సర్కారు పాలన, అన్నీ ఆ కట్ట మీదే నడుస్తాయి.

అవ్వ బతుకు కూడా ఆ కట్ట మీదే చెడింది.

ఆమె నాకు వరసకు ఏమీ కాదు. మా సందు చివర ఒంటరిగా ఉండే ముసలామె, ఊరందరికీ అవ్వ. ఇండ్ల పథకంలో పేరొచ్చింది కదా అని ఉన్న పెంకుటిల్లు కూల్చుకుంది. పునాది పడింది, గోడలు లేచాయి. ఇక స్లాబుకు సర్కారు పైసలు రావాలంటే గోడల ఫోటో పైకి పోవాలి. మండలం నుంచి ఇండ్ల సారు వచ్చాడు, ఇంటి ముందు నిలబడి ఫోన్ నొక్కాడు, సిగ్నల్ లేదు. కట్ట మీదికి పోయి అక్కడి నుంచి పంపాడు. ఫోన్‌కు తెలిసింది అది నిలబడ్డ చోటే కదా. అలా కాగితాల్లో అవ్వ ఇల్లు కట్ట దాటి నీళ్లలో పడింది. చెరువు లోపల కట్టుకున్న ఇంటికి స్లాబు ఇవ్వడం కుదరదని పై నుంచి జవాబు వచ్చింది.

"నేనేమన్న చాపనా బిడ్డా, నీళ్లల్ల ఇల్లు గట్టుకునేతందుకు?" అని అవ్వ అడిగింది. ఇండ్ల సారు ఈ ప్రశ్నను కూడా రాసుకుని పోయాడు. రెండు వానకాలాలు ఆమె నాలుగు గోడల మీద నీలం ప్లాస్టిక్ పట్టా కప్పుకుని గడిపింది. గాలి లేస్తే పట్టా నాలుగు కొసలూ పట్టుకోవడానికి ఆమెకు రెండే చేతులు.

అప్పుడే కమిటీ కబురు వచ్చింది. పేదలకు ఇండ్లు అందుతున్నాయా, పని దొరుకుతోందా, పింఛన్లు పడుతున్నాయా అని సర్కారును నిలదీయడానికి చట్టసభ వేసిన పరిశీలన కమిటీ అది. పొద్దున జనగామ, నడిమధ్యాహ్నం మా ఊరు, సాయంత్రం భూపాలపల్లి వైపు మొగుళ్లపల్లి, టేకుమట్ల. ఒక్క రోజులో మూడు జిల్లాల పేదరికాన్ని పరిశీలించి రాత్రి భోజనానికి హైదరాబాదులో ఉండాలని వాళ్ల లెక్క. అవ్వ తనకున్న రెండు చీరల్లో మంచిదాన్ని ఉతికి ఆరేసింది. "మూడో వానకాలం ముంగట స్లాబు పడాలె. గిదొక్కటే అడుగుత, ఇంకేం అడుగ," అంది.

వారం ముందే తయారీ మొదలైంది. మా వాడలో ఎన్నడూ లేనిది బ్లీచింగ్ పొడి చల్లారు. కుక్కలు తుమ్ముకుంటూ తిరిగాయి. ఇండ్ల సారు మాత్రం పరేషాన్‌లో ఉన్నాడు. ఒంటరి ముసలామెకు కట్టించిన పూర్తయిన ఇల్లు ఒకటి చూపించమని కమిటీ అడిగిందట. మా ఊరి జాబితాలో ఒంటరి ముసలామె ఒక్కతే. ఆమె ఇల్లేమో చెరువులో ఉంది.

పక్క సందులో ఒక కొత్త ఇల్లు ఉంది. కుట్టుమిషన్ నడిపే అక్కది. ఆమె, ఆమె పెనిమిటి రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్నది, సర్కారు ఇటుక ఒక్కటి లేదు. రంగులు కూడా వేశారు. ముహూర్తం వచ్చే నెల ఉందని ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు, ముందున్న రేకుల షెడ్డులోనే ఉంటున్నారు. ఇండ్ల సారు పోయి, "అక్కా, ఒక్క పూట గోడ మీద అవ్వ పేరు రాసుకుంట, మల్ల తుడిపిస్త," అని బతిమాలాడు. "సున్నంతోని రాయి, రంగుతోని రాయకు," అని అక్క ఒప్పుకుంది. ఆయన రంగుతోనే రాయించాడు. లోపల పాలు పొంగించబోతున్న సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అవ్వకు పాఠం చెప్పే పని నాకు పడింది. "నువ్వైతే బాగ చెప్తవు, నీ నోటికి అలవాటే," అన్నాడు ఇండ్ల సారు. పొగడ్త అనుకున్నాను. ముగ్గురం అవ్వ గోడల మధ్య, పట్టా కింద కూర్చున్నాం.

"ఇల్లు మంచిగున్నది సారూ, సర్కారు సల్లగుండాలె. గంతే అవ్వా, రెండు ముక్కలు," అన్నాను.

"మరి నా స్లాబు?"

"జర ఈ పూట గడువనీ అవ్వా," అన్నాడు ఇండ్ల సారు. "కమిటీ పోయినంక వారంల నీ ఇల్లు చెర్లకెళ్లి బయటికి తీస్త."

అవ్వ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. "నువ్వేమంటవ్‌రా?"

"చెప్పు అవ్వా, ఏం గాదు."

"నీ దున్నపోతు ముచ్చట గూడ గిట్లనే చెప్పినవ్, కండ్లు ఆర్పకుండ," అంది. అయినా ఆ రెండు ముక్కలూ పదిసార్లు వల్లె వేసింది.

కమిటీ పన్నెండింటికి రావాల్సింది రెండింటికి వచ్చింది. జనగామలో భోజనాల దగ్గర పరిశీలన ఎక్కువైందట. ముగ్గురు సభ్యులు. ఒకాయన కారులోనే నిద్రపోయాడు, ఎవరూ లేపలేదు. ఒకాయన కారు దిగినప్పటి నుంచీ ఫోన్లోనే ఉన్నాడు, చేత్తో మాత్రం మా అందరికీ నమస్కారం పెడుతూ తిరిగాడు. అధ్యక్షుడు ఒక్కడే మాతో మాట్లాడాడు, లేదా మాట్లాడినట్టు నిలబడ్డాడు.

ముందు మా కుంట దగ్గరికి తీసుకుపోయారు. ఆ కుంటను మూడేళ్లలో మూడు పేర్లతో తవ్వించాం. ఒక ఏడాది ఊటకుంట అన్నాం, ఒక ఏడాది పూడికతీత, ఒక ఏడాది పశువుల నీళ్లకని. నీళ్లు మాత్రం ఏ పేరుకూ పలకలేదు. గొయ్యి ఎందుకు ఎండి ఉందని అడుగుతాడేమో అని మూడు రకాల జవాబులు సిద్ధం చేసుకుని నిలబడ్డాను. "పని దొరుకుతోందామ్మా?" అని అధ్యక్షుడు ఆడవాళ్లను అడిగాడు. "దొరుకుతున్నది సార్," అన్నాడు ఇండ్ల సారు. "కూలి పడుతోందా?" "పడుతున్నది సార్." వెనకున్న గుమాస్తా అదంతా లబ్ధిదారుల వాంగ్మూలమని రాసుకున్నాడు. నలభై మందిమి పారలు పట్టుకుని వాళ్ల ముచ్చటకు నీడ ఇచ్చాం. నా మూడు జవాబులూ ఉత్తగా పోయాయి. ఇంత తీరికగా అబద్ధం తయారుచేసుకుని, వినేవాడు దొరక్క మింగుకోవడం నా జన్మలో అదే మొదలు.

తర్వాత అక్క ఇల్లు. గుమ్మానికి మామిడాకులు, లోపల కొత్త పొయ్యి, ఇత్తడి గిన్నె. అధ్యక్షుల చేతుల మీదుగా అవ్వ గృహప్రవేశం జరిపిస్తే ఫోటో బాగా వస్తుందని ఇండ్ల సారు ఏర్పాటు. ఆయనకు అది ఫోటో. అవ్వకు గిన్నె చేతికివ్వగానే అది నిజం గృహప్రవేశం అయింది. కాళ్లు కడుక్కుంది, కుడికాలు ముందు పెట్టింది, పొయ్యికి బొట్టు పెట్టింది, పాలు పోసి రెండు చేతులూ జోడించింది. అధ్యక్షుడు అగ్గిపుల్ల గీశాడు. పాలు తూర్పు వైపు పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే షెడ్డులో మిషన్ ఆపి అక్క వచ్చింది. పొయ్యి చూసింది, గచ్చు మీద పాలు చూసింది.

"ఆగుండ్రి! ఎవలింట్ల ఎవలు పాలు పొంగిస్తున్రు?"

"ఎవరీమె?" అన్నాడు అధ్యక్షుడు.

"పక్కింటామె సార్. సంతోషంల ఉన్నది," అన్నాడు ఇండ్ల సారు.

"సంతోషమా? నీ ఇంటికొచ్చి నేను పొంగియ్యనా? ఇల్లు నాది, ముహూర్తం నాది, పొంగిన పాలు గూడ మా బర్రెవి!"

మా దిక్కు ఒకసారి పాలు పొంగితే పొంగినట్టే. వచ్చే నెల ముహూర్తానికి అక్క ఎన్ని గిన్నెలు పొంగించినా అది రెండోసారే. ఈ సంగతి ఇండ్ల సారుకు తెలియదా? వాళ్లింట్లోనూ పొంగించే ఉంటారు. కానీ కమిటీ కోసం చేసేది ఏదైనా ఉత్తుత్తిదే అనుకోవడం అలవాటైన మనిషికి, పాలు మాత్రం నిజంగానే పొంగుతాయని తోచలేదు.

అవ్వ పొయ్యి ముందే కూలబడింది. "నన్ను తిట్టకు బిడ్డా. పొంగియ్యిమన్నరు, పొంగిచ్చిన. ఇగ దీపం పెట్టకుండ, మూడు రాత్రులు పండకుండ లేసిపోతె కీడు. నాకు గాదు, నీకు."

"పంటవా? నా ఇంట్ల?"

"గోడ మీద నా పేరు రాసిన్రు గదనే. పెద్దసారే అగ్గిపుల్ల గీకిండు. మీ కాయితంల చెర్లది నాదైనప్పుడు, గిది గూడ నాదే గావాలె."

అధ్యక్షుడు నల్లద్దాలు తీశాడు. "చెరువులో ఏముంది అవ్వా?"

అవ్వ నేను నేర్పిన రెండు ముక్కలూ మింగేసి, మొత్తం చెప్పింది. అధ్యక్షుడు, "నడువు, చూపించు," అన్నాడు. రెండు వందల అడుగులు, బురదలో, తెల్ల ప్యాంటు పిక్కల దాకా పైకి మడుచుకుని ఆయన నడిచాడు. పట్టా ఎత్తి వంగి లోపలికి పోయాడు. తల ఎత్తితే పైన చిల్లులోంచి ఆకాశం. ఇండ్ల సారు చేతిలోని ఫోన్ లాక్కుని అధ్యక్షుడే చూశాడు. "దీన్లో ఈ ఇల్లు చెరువులో ఉందయ్యా. అయితే నేనిప్పుడు నీళ్లలో నిలబడ్డానా?" అన్నాడు. ఇండ్ల సారు నోరు తెరిచి మూశాడు. చెరువులో ఉండాల్సిన చేప ఎవరో అప్పుడు తెలిసింది. "పదిహేను రోజుల్లో స్లాబు పడాలి, లేకపోతే సభలో నీ పేరు చదువుతాను," అని అధ్యక్షుడు వెనక్కి తిరిగాడు.

ఇక ఒప్పుకోవాలి. కట్టమైసమ్మ ఊరుకోదు.

దున్నపోతు సంగతి అడక్కండి, అది వేరే లెక్క. కుంట నిజం, చెరువులో పడ్డ ఇల్లు నిజం, కారులో నిద్ర నిజం, బర్రె పాలు నిజం. ఒక్క ఆ రెండు వందల అడుగుల నడక మాత్రం నా సొంత కల్పన. "పక్కింటామె, సంతోషంల ఉన్నది" అని ఇండ్ల సారు అనగానే అధ్యక్షుడు "మంచిది, మంచిది," అన్నాడు, గడియారం చూసుకున్నాడు, నల్లద్దాలు తీయలేదు. భూపాలపల్లిలో జనం ఎదురుచూస్తున్నారట. అక్క, అవ్వ తగువాడుకున్నది కార్లు లేపిన దుమ్ములో. చెరువు మాట వినడానికి అక్కడ నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నేను ఏం చెప్పమని నేర్పానో నాకు తెలుసు కాబట్టి తల దించుకుని విన్నాను.

కమిటీ నివేదికలో ఆ ఫోటో ఉంది. పాల గిన్నె, అగ్గిపుల్ల, అవ్వ జోడించిన చేతులు. కింద 'ఇల్లు పూర్తయినది, లబ్ధిదారు సంతృప్తి వ్యక్తం చేసినది' అని రాశారు. ఇండ్ల సారు మాట తప్పలేదు. వారంలో ఇంటిని చెరువులోంచి ఒడ్డుకు తీశాడు. తీసేసరికి అది పూర్తయిన ఇల్లయిపోయింది. పూర్తయిన ఇంటికి స్లాబు ఎవరిస్తారు?

మూడో వానకాలం నడుస్తోంది. అక్క ఆ మూడు రాత్రులూ అవ్వను పండనిచ్చింది, కీడుకు భయపడి. నాలుగో రాత్రి వాన పడింది. అప్పటి నుంచి చినుకు పడితే చాలు, అక్క వరండాలోంచి అరుస్తుంది: "పాలు పొంగిచ్చినవ్ గద, రా, నీ ఇంట్ల నువ్వు పండు!" తిడుతూనే చాప పరుస్తుంది.

మొన్న ఆ వరండాలో కూర్చుని, అధ్యక్షుడు బురదలో నడిచిన ముచ్చటంతా అవ్వకు చెప్పాను, ప్యాంటు మడతతో సహా. సగం తప్పు నాదే కదా, కనీసం వినడానికైనా బాగుండాలని. అవ్వ చివరిదాకా విని, చూరు నీళ్లకు గిన్నె జరిపింది.

"నీ దున్నపోతు చెప్పులు నోట్ల వెట్టుకోనొచ్చిందంటె నమ్ముత బిడ్డా," అంది. "వాళ్లు నా ఇంటి దాక నడిచొచ్చిన్రంటె నమ్మ."