బావ చేతుల్లో తాడు

శిరివెళ్లలో మా బావ రాజరత్నం చేత ప్రార్థన చేయించుకోని ఇల్లు మా వాళ్లలో ఒక్కటీ లేదు. కొత్త ట్రాక్టరు కొంటే బావ రావాలి. బోరు వేస్తే బావ రావాలి. పిల్లలు పరీక్షకు పోతుంటే బావే. ఆయనేమీ పాస్టరు కాదు, ట్రాక్టర్లు రిపేరు చేసే మెకానిక్కు. పని మధ్యలో పిలిచినా సరే, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి మొదలుపెడతాడు. ఎవరడిగినా కాదన్న పాపాన పోలేదు. పక్కవీధి హుస్సేన్ పీరా కొత్త ఆటో తెచ్చుకుంటే దానికీ చేశాడు.

"సెయ్యప్పా, ఏ దేవుడు ఇంటే ఏంది, బ్రేకులు పడితే సాలు" అన్నాడట పీరా.

మనిషి బంగారం. కాదనను. కానీ ఆ బంగారం చేతుల్లో నా ప్రాణం పెట్టాల్సి వచ్చింది, నా తలరాత.

నేను నంద్యాలలో పీఈటీ టీచర్ని. కొండరాళ్లు ఎక్కడం నా పిచ్చి. ఆళ్లగడ్డ దాటి మట్టిరోడ్డున పోతే గ్రానైట్ లోయ ఒకటి ఉంది. అందులో నిట్టనిలువు బండ మీద ఒక పగులు నన్ను మూడు చలికాలాలుగా ఏడిపిస్తోంది. సగం దాకా ఎవరో బిగించిపోయిన బోల్టులున్నాయి. వాటికి కొక్కెం తగిలించి, అందులోంచి తాడు పోనిచ్చుకుంటూ ఎక్కొచ్చు. ఆపైన ఏమీ లేదు. లోహపు ముక్కలు మనమే పగుల్లో ఇరికించి, వాటికి తాడు తగిలించుకోవాలి. ముక్క సరిగ్గా కూర్చుందా లేదా అన్నది పడితే గానీ తెలియదు. కింద తాడు పట్టుకునే మనిషి కుడిచెయ్యి వదలకూడదు. ఆ చెయ్యి వదిలితే మిగతా సరంజామా అంతా ఉత్తుత్తిదే.

ఆ చెయ్యి బావది. "బయటి మగోళ్లతో కొండల్లోకి పోతే కాళ్లిరగ్గొడతా. మీ బావను తోలుకోనిపో" అని మా అక్క మంజుల ఖచ్చితంగా చెప్పేసింది.

మొదటిసారి నాలుగో బోల్టు దగ్గరికి పోయి ఆగిపోయాను. "బావా, గట్టిగా పట్టుకో, బయమైతాంది!" అని అరిచాను. కింద నుంచి "కృపగల తండ్రీ" అని వినబడింది. తొంగి చూస్తే పైప్రాణాలు పైనే పోయాయి. బావ కళ్లు మూసుకున్నాడు. రెండు చేతులూ ఆకాశంలో ఉన్నాయి. తాడు నేలమీద పడుంది.

నా నడుము కొక్కెం బోల్టుకే తగిలించుకుని వేలాడాను. ఆ ప్రార్థనేమన్నా చిన్నదా? నాతో మొదలై, అక్క మోకాళ్ల నొప్పుల మీదుగా, వానలు, పంటలు, దేశాన్నేలే నాయకుల దాకా పోయి, తీరిగ్గా ఆమెన్ దగ్గర ఆగింది. అప్పుడు గానీ ఆయన తాడు అందుకోలేదు.

కిందికి దిగి ఆయన మీద విరుచుకుపడ్డాను.

"తాడెందుకు ఇడిసినావు బావా?"

"యాడ ఇడిసినా? దేవునికి అప్పజెప్పినా గదా."

"ఆ పని ఇంట్లో పండుకోనైనా సెయ్యొచ్చు. ఈడికెందుకు వచ్చినట్టు?"

"కోప్పడద్దు మే. నీకేమన్నా అయిందా? కాలే గదా. ఎవురు కాపాడినారు?"

"బోల్టు!"

ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక చేయనని ఒట్టు పెట్టాడు. రెండోసారి ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తాడు, కళ్లు మాత్రం మూసే ఉన్నాయి. నెత్తీ నోరూ బాదుకున్నాను. ఒక్క నట్టు వదులుగా ఉన్నా నిద్రపోడు ఈ మనిషి, మరదలు బండకు వేలాడుతుంటే కళ్లు మూస్తాడు! అక్కతో చెబితే ప్రార్థన వద్దంటావా అని నన్నే తిట్టింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మాకు పుడకలు లేవు, పెట్టెలో పెట్టి పూడ్చడమే. అయినా సామెత సామెతే.

వేరే మనిషి దొరికితే మార్చేద్దును. దొరకలేదు. పోయిన జనవరిలో మళ్లీ ఆయన్నే తీసుకుపోయాను.

ఆ రోజు బోల్టులన్నీ దాటాను. పైన పగుల్లో ఒక ముక్క ఇరికించాను, బాగా కూర్చుంది. ఇంకాస్త పైకి పోయి రెండోది పెట్టాను. అది కదిలింది. మళ్లీ పెట్టాను. మళ్లీ కదిలింది. ముంజేతులు రాళ్లయిపోయాయి. పైకి పోలేను, దిగలేను. జీవితంలో అంత భయం ఎరగను. నోటికి ఏమొస్తే అది అరిచాను.

"బావా! నా కోసరం ప్రార్థన సెయ్యి బావా!"

"సెయ్యను!"

"ఏందీ?"

"సెయ్యనంటాండా! నువ్వే సేసుకో. నా సేతులు కాళీ లేవు!"

అంతలోనే వేళ్లు జారాయి. కదులుతున్న ముక్క పగుల్లోంచి ఊడి వచ్చింది. బండ నా కళ్ల ముందు పైకి పరుగెత్తింది. తర్వాత నడుము దగ్గర ఒక్క కుదుపు. ఆగిపోయాను. కింది ముక్క నిలిచింది. కిందికి చూస్తే, నా బరువుకు ఎగిరిన బావ బండకు గుద్దుకుని, కాళ్లు నేలకందక వేలాడుతున్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. కళ్లు పత్తికాయల్లా తెరుచుకుని నన్నే చూస్తున్నాయి.

మెల్లగా నన్ను నేలకు దించాడు. నా కాళ్లు భూమికి ఆనాక కూడా ఆయన పిడికిలి విడలేదు. వేళ్లు బిగుసుకుపోయాయి. తిట్టుకుంటూనే ఒక్కో వేలూ నేనే విప్పాను.

"అందరికీ సేస్తావే. నేను సచ్చిపోతాండా అని అడిగితే సెయ్యకపోతివి. దేవునికి కోపం రాదా?"

"వస్తే రానీలే. ఆయనతో నేను ఎట్లో మాట్లాడుకుంటా" అన్నాడు బావ. "నువ్వు పడితే మీ అక్కతో ఎవురు మాట్లాడతారు?"

అంటూనే ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది. ఆ మొండి మనిషి చేతులు పట్టుకునే ఏడ్చాను.