తాడిపత్రి పామ్ మొక్కలకు పట్టిన నల్లి

ఉదయం ఆరుంబావుకు అనంతపురంలో తాడిపత్రి బస్సు ఎక్కాను. రాత్రి నిద్ర సరిగా లేదు. తాడిపత్రి అవతల పాలీహౌస్‌లో కుండీ పామ్ మొక్కలు పెంచే నాగలక్ష్మి ముందురోజు ఫోన్ చేసింది. "తెగులంట సార్, చూసినోళ్లంతా అన్నీ పీకి కాల్చేయమంటాండారు. ఒకసారి చూసి పోండి" అంది. తోటల అధికారిగా ఉన్న రోజుల్లో ఆమెకు ఈ పని నేర్పింది నేనే. కాదనలేకపోయాను.

పక్క సీటులోని అవ్వ నా జేబులో భూతద్దం చూసింది.

"చేతులు చూస్తావా సామీ?"

"ఆకులు చూస్తానమ్మా."

"అట్లయితే వాన ఎప్పుడొస్తాదో చూసి చెప్పప్పా" అని నవ్వింది.

ఎనిమిదింటికి దిగి, ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాను. బండల పాలిష్ షెడ్ల పక్కగా దారంతా తెల్లటి దుమ్ము.

పాలీహౌస్‌లో ప్లాస్టిక్ కప్పు కింద పొడి వేడి. ఆకులు పసుపు చుక్కలు పడి కంచు రంగుకు తిరిగాయి. ఒక ఆకును తెల్ల కాగితం మీద దులిపాను. పొడిలా రాలిన చుక్కలు కాసేపటికి నడవసాగాయి.

"తెగులు కాదమ్మా, ఎర్రనల్లి. పొడి గాలి, దుమ్ము ఉంటే ఇది ఆగదు. ఆకులకు ఎప్పుడైనా నీళ్లు కొట్టావా?"

"మీరే గదా సార్ చెప్పినారు, బొట్టు గూడ ఆకుకు పోగూడదు, అంతా వేరుకేనని! డ్రిప్పు తప్ప ఇంకోటి తెలీదు నాకు."

నిజమే. బయటి చీనీ, అంటే బత్తాయి, తోటలకు చెప్పే మాటనే, వాన తగలని ఈ కప్పు కిందా చెప్పాను.

"తప్పు నాదే" అన్నాను.

"అదుండనీ సార్. కాల్చాల్నా వద్దా?"

"వద్దు. మాడిన ఆకులు కోసెయ్. రెండు రోజులకోసారి ఆకుల అడుగు కడుగు. ఇప్పుడు కొట్టే పురుగుమందు ఆపు, నల్లిని తినే పురుగులు దానికే చచ్చాయి. నల్లి మందు వారం తేడాతో రెండుసార్లు కొట్టు. పాడైన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకు బాగా వస్తుంది."

ఆమె బోరు వైపు చూసింది. "దినానికి గంటే నీళ్లు పోస్తాది సార్. కడిగేకి సగం చెట్లకే సాలుతాయి."

సుద్దముక్క తీసుకుని, బతికించుకోవాల్సిన కుండీలకు తానే గీతలు పెట్టుకుంటూ పోయింది. ఒక్కో మొక్క దగ్గర ఆగుతోంది. ఆమె వెంట నడవలేక నేను గట్టు మీద కూర్చున్నాను. పన్నెండున్నరకు సంగటి, పప్పు పెట్టింది. "అన్నీ పోతాయనుకుంటిమి సార్. తినండి" అంది. గీత పడని కుండీలను కూలీలు అప్పటికే బయటికి మోస్తున్నారు.

రెండుంబావు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ నేల మీద నీళ్లు పొదుపు చెయ్యమనడం ఎక్కడా తప్పు కాదనుకున్నాను ఇన్నేళ్లూ. పాలీహౌస్ ఉన్నవాళ్లలో ఇంకెవరెవరికి అదే చెప్పానా అని ఆలోచిస్తే, ఊరు దాటేలోపు నలుగురు గుర్తొచ్చారు. ఒకాయనది గుమ్మఘట్ట. రెండు బస్సులు మారాలి. రేపు ఒళ్లు సహకరించదు. గురువారం పోవాలి.