మావయ్య రివాల్వర్ తుడిచే ఆదివారాలు

మొన్న మంగళవారం తెల్లారేసరికి మా మావయ్య పోయారు. డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లడానికి ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. ఆయన్ని లేపడానికి వెళ్లిన నా భర్త గదిలోంచి పిలిచిన తీరుతోనే నాకు అర్థమైపోయింది. ఆటో డ్రైవరు ఇంజను ఆపేసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఎలుగుబంటి సంగతే చెప్పుకున్నారు. సైన్యం నుంచి రిటైరై వచ్చాక మావయ్య లైసెన్సు తీసుకుని ఒక రివాల్వర్ కొన్నారు. ఒక వేసవిలో జీడితోటలో పిక్కలు ఏరుతున్న ఆడవాళ్ల మీదికి ఎలుగు వచ్చింది. "కాల్సీ మావా, కాల్సీ!" అని అందరూ అరుస్తుంటే ఆయన ఆకాశంలోకి ఒక్కసారి పేల్చి దాన్ని తరిమారట. "దాని ఎనకాలే దాని పిల్ల ఉంది, కనబడ్డం నేదేటి?" అని వాళ్లనే కసిరారట. ఆ రివాల్వర్ ఊళ్లో పేలింది అదొక్కసారే.

నాకు మాత్రం ఆయన ఆదివారాలే గుర్తొస్తున్నాయి. టిఫినయ్యాక వసారాలో పాత పేపరు పరిచి, మఠం వేసుకుని కూర్చునేవారు. ముందు తూటాలన్నీ స్టీలు గిన్నెలో వేసి, వంటింట్లో పెట్టి రమ్మని నాకిచ్చేవారు. "తుడిసే సోట గుండుండకూడదమ్మా." తర్వాత రివాల్వర్ తెరిచి, తూటాలుండే ఒక్కో గదినీ వెలుతురుకెత్తి చూసి, మళ్లీ వేలితో తడిమి చూసేవారు. సన్నటి బ్రష్షుతో గొట్టం తోమి, పాత పంచె ముక్కతో తుడిచేవారు. సముద్రపు గాలికి మా ఇంట్లో తలుపు గెడలే తుప్పు పడతాయి. దాని మీద మాత్రం చిన్న మచ్చైనా ఉండేది కాదు.

పెళ్లైన కొత్తలో ఒకసారి నూనె అయిపోయిందంటే కొబ్బరినూనె తెచ్చిచ్చాను. ఆయన పగలబడి నవ్వారు. "ఇది తలకి రాసుకోమ్మా. దీనికి రాత్తే జిగురు కట్టీత్తాది." నా కుట్టుమిషను నూనె తెచ్చాక ఊరుకున్నారు. అప్పట్నుంచి పక్కన కూర్చుని నూనె అందించడం నా పనైంది. "సుక్క సాలు. నూనె కనబడకూడదు, పని కనబడాల" అనేవారు.

ఉద్దానంలో ఎన్నో ఇళ్లకి వచ్చినట్టే మా ఇంటికీ కిడ్నీ జబ్బు వచ్చింది. వారానికి మూడుసార్లు పలాస ప్రయాణం, ఎడమ చేతికి సూదులు, ఒళ్లంతా దురద, నిద్ర లేకపోవడం. అయినా ఆదివారం పని మానలేదు. రెండేళ్ల కిందట ఒకరోజు అంతా తుడిచాక, ఎప్పటిలా తూటాలు పెట్టెలో పెట్టి తాళం వేసుకోకుండా, నేను తెచ్చిన గిన్నె నా దగ్గరే ఉంచమన్నారు.

"ఇవి నువ్వే దాసీమ్మా. ఎక్కడ దాసినావో నాకు సెప్పకు."

"ఏటి మావయ్యా, ఎందుకలాగ?"

గుడ్డని నాలుగు మడతలు పెట్టారు, విప్పారు, మళ్లీ పెట్టారు.

"ఈ మజ్జిన నా బుద్ధి మంచిగుండట్నేదు. నొప్పెక్కువైన రోజు దీనివేపే సూత్తన్నాను."

గిన్నె మీద కొంగు కప్పి ఒళ్లో పెట్టుకున్నాను. నేను ఏడిస్తే ఆయన మళ్లీ ఎప్పుడూ మనసు విప్పరని భయమేసి, ఏడవలేదు.

"రేపు దీన్ని టేసన్లో ఇచ్చీద్దాం మావయ్యా. నానూ వత్తాను. మీ అబ్బాయికీ, డాక్టరుగారికీ సెప్తాను."

తలూపారు. "మరింకెవులికీ వద్దమ్మా."

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తే ఆయన చిన్నబుచ్చుకోరనే అనుకుంటున్నాను. ఎలుగుకి ఎదురు నిలబడ్డానికి ఎంత గుండె కావాలో నాకు తెలీదు. కోడలి ముందు ఆ మాట అనడానికి ఎంత కావాలో కళ్లారా చూశాను.

మర్నాడు సోంపేట పోలీసు స్టేషనుకి వెళ్లాం. "లైసెన్సు ఉంది కదండీ, ఎందుకిచ్చేస్తున్నారు?" అని ఎస్సై అడిగాడు.

"సూపు ఆనట్నేదు బాబూ" అన్నారు. అంటూనే పిడి దగ్గర ఎక్కడో వేలిముద్ర కనబడి, చొక్కా అంచుతో తుడిచి మరీ బల్ల మీద పెట్టారు.

తిరుగు దారిలో ఆటోని సముద్రం దాకా పోనిమ్మన్నారు. ఒడ్డున జాలర్లు వల లాగుతున్నారు. మావయ్య లుంగీ ఎగ్గట్టి నేరుగా వాళ్ల దగ్గరికి నడిచారు.

"పక్కకుండు తాతా, తాడు తగల్తాది."

"నానూ ఓ సెయ్యేత్తానర్రా."

సూదులు పడని కుడిచేత్తో తాడు పట్టుకున్నారు. వల ఇంకా చాలా దూరంలో ఉంది. మడమలు ఇసకలోకి దించి, వాళ్ల కేకలకి తన కేక కలుపుతూ, మావయ్య వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూనే ఉన్నారు.