నీలం బల్బు కింద మా మామ భోజనం

కొత్తగా జీతం రుచి చూసిన ఆ రోజుల్లో ఖమ్మంలోని ప్రతి అద్దాల తలుపూ నన్నే పిలుస్తున్నట్టు ఉండేది. (దాన్ని తోయాలో లాగాలో తెలియక బయటే నిలబడిపోయేవాణ్ణి, అది వేరే సంగతి.) రెండువేల ఐదో ఆరో అయ్యుంటుంది. ఊళ్లో కొత్తగా ఒక ఏసీ రెస్టారెంటు తెరిచారు. భద్రాచలం అవతల అడవి అంచు ఊళ్లో ఉండే మా మేనమామ ఏదో పని మీద ఖమ్మం వస్తున్నాడని తెలియగానే, ఆయన్ని అక్కడికే తీసుకెళ్లాలనుకున్నాను. ఇంటర్ చదివిన రెండేళ్లూ నేను ఆయన ఇంట్లోనే తిన్నాను. గరిటె పట్టుకుని నా నెత్తి మీద నిలబడి, వాగు అవతలికి వినపడే గొంతుతో "ఇంకో ముద్ద తిను అల్లుడా" అనేవాడు. అలాంటి మనిషికి ఒక్క పూటైనా కడుపు నిండా పెట్టాలన్నది నా కోరిక.

మిట్టమధ్యాహ్నం వెళ్లాం. లోపల అడుగు పెడితే చీకటి, చలి, అక్కడక్కడ నీలం బల్బులు. మామ తలకు చుట్టిన తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. నేను మెట్టు కనపడక తూలి, రోజూ వచ్చేవాడిలా నవ్వాను. మా బల్ల మీద తెల్ల పూలు, గాజు గ్లాసులో చిన్న దీపం. చుట్టూ అందరూ గుసగుసలే. నల్ల బట్టల సర్వర్ చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. మెనూలో ఒక్క అక్షరం కనపడక మూడు చోట్ల వేలు పెట్టి చూపించాను. వచ్చినవేమిటో నాకిప్పటికీ తెలియదు. ఒకటి పనీర్ అయ్యుండాలి, లేకపోతే ఆలుగడ్డ.

మామ వాలకం వింతగా ఉంది. గొంతు బాగా తగ్గించి "ఎంత వయసుంటది బిడ్డా?" అని సర్వర్‌ని అడిగాడు. అతను తికమకపడి, ఇరవై రెండు అన్నాడు. మామ "అయ్యో" అని నాలుక చప్పరించాడు. ఇరవై రెండేళ్లు ఉంటే అంత బాధపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. నాకప్పుడు ఇరవై మూడే. మామ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. ఇంకొంచెం పెట్టుకోమంటే కళ్లతోనే కసిరాడు. కూర నచ్చలేదా, ఒంట్లో బాగాలేదా, నా మీద కోపమా? ఏదీ తేలక, ఆ కంగారులో ఆయన వంతు కూడా నేనే తినేశాను. తలుపు దగ్గర సర్వర్ "మళ్లీ రండి సార్" అంటే మామ పలకలేదు. ఏ గడప దాటినా బజారంతా వినపడేలా "పోయొస్త" అనే మనిషి, వెనక్కి చూడకుండా నడిచాడు.

బయట కుళాయి కనపడగానే కాళ్లు కడుక్కుని, నెత్తిన నీళ్లు చల్లుకున్నాడు.

"ఆ పోరడు ఎట్ల పోయిండంట?" అన్నాడు.

"ఏ పోరడు మామా?"

"ఆ హోటలాయన ఇంట్ల పోయినోడు. ఇరవై రెండేండ్లేనంట గదరా. దీపం పెట్టిండ్రు, పూలు పెట్టిండ్రు, ఒక్కడు గట్టిగ మాట్లాడుతలేడు. గసొంటికాడ ఇంకింత పెట్టుమని ఎట్ల అడుగుత? పోయొస్తనని ఎట్లంట?"

చావు జరిగిన ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఆ మాట అనకూడదని మావైపు పట్టింపు. ఎవరూ పోలేదనీ, ఆ చీకటి, ఆ నిశ్శబ్దం కోసమే జనం అక్కడికి వస్తారనీ చెప్పాను. చెబుతుంటే నాకే అయోమయంగా అనిపించింది. మామ చంకలోని తువ్వాల మళ్లీ తలకు చుట్టుకుంటూ, "అన్నం తినేకాడ మొఖాలు కనవడాలె అల్లుడా" అన్నాడు.

బస్టాండు పక్కన మెస్సుకు తీసుకెళ్లాను. ఫ్యాను కిర్రుమంటోంది, పప్పు ఇటు, సాంబారు అటు అని ఒకటే కేకలు. మామ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఇద్దరి తిండి తిన్న నేను, ఆయాసపడుతూ ఎదురుగా కూర్చుని సంతోషంగా చూశాను. సాయంత్రం బస్సు కిటికీలోంచి "పోయొస్త అల్లుడా" అన్నాడు. కండక్టరు ఉలిక్కిపడ్డాడు.

మొన్నీమధ్య మామ దినాలకు వెళ్లాను. పందిట్లో గిన్నెల చప్పుడు, అన్నం ఇటు తెమ్మని కేకలు, ఎండలో అందరి ముఖాలూ కనపడుతున్నాయి. అంతా ఆయనకు నచ్చినట్టే ఉంది. ఆయన కోసమని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. గడప దాటుతూ, నలభై దాటిన మనిషినై ఉండి కూడా, అలవాటుగా "పోయొస్త మామా" అనేశాను, అదీ గట్టిగా. పందిట్లో అందరూ నా వైపే చూశారు. నాలుక కరుచుకుని మా అత్త వైపు తిరిగాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "అవ్, రా" అన్నది.