రెండో ముంచు

అద్దకం కార్ఖానాలో ముప్ఫై ఒక్కేళ్ళు తొట్లలో చేతులు నానబెట్టి బతికినవాణ్ణి రంగులాయన అనక ఇంకేమంటారు? గోళ్ళ మొదళ్ళలో పట్టిన నీలం సబ్బుకీ పోదు, వయసుకీ పోదు. పెళ్ళికి ముందు ఆ చేతులు చూసి కాబోయే అత్తగారు పిల్లాడికేదో జబ్బుందని బెంబేలెత్తిందట. జబ్బు కాదు, పిచ్చి అని తర్వాత తెలిసింది. అప్పటికే కూతుర్నిచ్చేసింది. తిరిగి తెచ్చుకోవడానికి అది అంగట్లో సరుకా?

పిచ్చి ఒక్క రంగు మీద. పనిలో చేరిన నాలుగో ఏట ఒక సాయంత్రం, ఊదా తొట్టి పారబోయబోతూ, గుడ్డలు రంగంతా పీల్చేసిన ఆ నీళ్ళలో పొరపాటున ఇంకో గుడ్డ ముంచాడు. ఆరేస్తే పొగా కాదు, వెండీ కాదు, ఊదా అసలే కాదు. ఆ మూడూ ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తున్నట్టు ఒక ఛాయ. యజమాని అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటివి ఇంకో పది తానులు తియ్యమన్నాడు. తానులు కాదు గదా, జానెడు రాలేదు. ఇరవై ఏడేళ్ళు సందు దొరికినప్పుడల్లా కలిపాడు, వడగట్టాడు, పారబోశాడు. ఆ మొదటి గుడ్డతో పెళ్ళాం తలకి కట్టుకునే రుమాలు కుట్టుకుంది. ఉతకగా ఉతకగా అది వెలిసిపోతే ఆవిడతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. అంచు మడతలో వెలవకుండా మిగిలిన వేలెడు పీలికని కత్తిరించి తన రంగుల పుస్తకం మొదటి పేజీలో కుట్టి పెట్టుకున్నాడు. పేజీకొక రంగు గుడ్డముక్క, పక్కన ఒక్క అక్షరం ఉండదు. ఆయన చదువంతా అదే.

తర్వాత మిషన్లొచ్చాయి, కార్ఖానా మూతబడింది. యజమాని పోతూ పోతూ వెనకున్న షెడ్డునీ, పగిలిన తొట్లనీ, బండి లాగిన గోధుమరంగు ఆడగుర్రాన్నీ ఇతనికి వదిలేశాడు. మిగతా పనివాళ్ళు చేతులు దులుపుకుని వేరే పనులు చూసుకున్నారు. ఇతనేమో నాలుగు తొట్లకి అతుకులు వేసి నీళ్ళ కుండీలు చేశాడు, గుడ్డలారేసే కర్రలతో గదులు కట్టాడు, గుర్రాల పెంపకందారై కూర్చున్నాడు. పెళ్ళాం తమ్ముడు పక్క వీధిలో గుర్రాలకి నాడాలు కొడతాడు. అతని దగ్గరో నల్ల మగగుర్రం ఉంది. ఆ రెండు గుర్రాలూ ఒకే పెంపకశాల నుంచి వచ్చినవే, దూరపు చుట్టాలు.

"ఇంకేం బావా, మేనరికం. మన ఇళ్ళల్లో కొత్తా ఏమన్నా?" అన్నాడు బావమరిది.

మొదటి రెండు కాన్పులకీ గోధుమరంగు పిల్లలే పుట్టాయి, పెరిగాయి, మంచి ఇళ్ళకి పోయాయి. మూడో కాన్పు ఒక ఉదయం జరిగింది. బావమరిది ముందుకాళ్ళు పట్టి లాగుతుంటే పిల్ల జారి గడ్డి మీద పడింది. రంగులాయన గోనెగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. తడి ఆరిన చోటల్లా ఆ రంగు తేలుతోంది. ఇంట్లోకి పరుగెత్తి పుస్తకం తెచ్చి, మొదటి పేజీ తీసి పిల్ల మెడ పక్కన పెట్టాడు. గుడ్డ ఎక్కడ అయిందో, వెంట్రుక ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇన్నేళ్ళూ తన చేతికి చిక్కనిది ఒక గుర్రం కడుపులో దానంతటది కలిసింది. మీసాలు నెరిసిన మనిషి పేడలో చతికిలబడి ఏడ్చాడు.

కానీ పిల్ల లేవలేదు. పుట్టిన గంటకల్లా లేచి తల్లి పొదుగు వెతుక్కోవాల్సింది, మెడ వెనక్కి విల్లులా వంచేసి, కాళ్ళు కర్రల్లా బిగదీసి, పడుకునే పరుగెత్తుతున్నట్టు గాల్లో తన్నుకుంది. సీసాతో పడితే ముర్రుపాలు గుటకలేసి తాగింది. ఆకలుంది, కళ్ళల్లో వెలుగుంది, నిలబడటమొక్కటే లేదు. మూడో రోజున పోయింది.

ఎవరినో ఒకరిని అనాలి కదా. ముందు నేల చెమ్మని తిట్టాడు, తర్వాత బావమరిదిని తిట్టాడు. నువ్వు లాగిన లాగుడికే వెన్ను విరిగిందిరా అన్నాడు. చిన్నప్పటి నుంచీ గుర్రాల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని బతికినవాణ్ణి పట్టుకుని అనాల్సిన మాటా అది?

"నేను పట్టుకుంది కాళ్ళు బావా. వెన్ను జోలికి పోలేదు" అని లేచిపోయాడు బావమరిది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అక్క మొహం చూసి మగగుర్రాన్ని మాత్రం అడిగినప్పుడల్లా పంపేవాడు.

అడుగుతూనే ఉన్నాడు రంగులాయన. ఆయన లెక్క అద్దకం లెక్క. మొదటి ముంచుకి గుడ్డ రంగును సరిగా తాగదు, చారలు కొడుతుంది. అది చూసి గాబరాపడి గుడ్డ పారేసేవాడు పనివాడు కాడు. అదే గుడ్డని అదే తొట్టిలో మళ్ళీ ముంచాలి. రెండో ముంచుకి రంగు నిలబడుతుంది. మొదటిసారి రంగొక్కటే వచ్చింది, సత్తువ రాలేదు, అంతే. వీధిలో కనబడిన ప్రతివాడికీ ఇదే చెప్పేవాడు. నా గుర్రం నెత్తురులో ఉందయ్యా ఆ రంగు, లోకంలో ఇంకెవడి దగ్గరా లేదు, చూస్తూ ఉండండి అనేవాడు. పుస్తకం చంకలోనే ఉండేది. చచ్చిన పిల్ల మెడ వెంట్రుకలు మొదటి పేజీలో పీలిక పక్కనే కుట్టి ఉండేవి.

నాలుగో కాన్పుకి ముదురు గోధుమరంగు ఆడపిల్ల పుట్టింది. అరగంటలో లేచి నిలబడింది. ఆయన ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. అది మాత్రం ఆయన్ని వదల్లేదు. నీళ్ళు తోడితే వెనక, గడ్డి మోస్తే వెనక, వీధి చివర దాకా వెనక. పెళ్ళాం దానికి తోక అని పేరు పెట్టింది. "కన్నపిల్లలు కూడా ఇట్లా తిరగలేదయ్యా నీ వెంట" అనేది. రెండో ఏడు నిండకముందే దాన్ని సవారీ నేర్పే మాస్టారుకి ఇచ్చేశాడు. రాబోయే రంగుపిల్లకి చోటు కావాలట. తోలుకుపోతుంటే అది నాలుగుసార్లు వెనక్కి తిరిగింది. లెక్కబెట్టింది ఆవిడ. ఆయన తొట్టి కడుగుతున్నాడు.

తర్వాత రెండు కాన్పులు మళ్ళీ గోధుమరంగే. వాటికి పేర్లు కూడా లేవు.

ఆ తర్వాత గుర్రాలకి సూదులు వెయ్యడానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మోకాళ్ళ దాకా బూట్లు. అలవాటు చొప్పున ఆమెకీ పుస్తకం తెరిచి చూపించాడు. డాక్టరమ్మ ఆ వెంట్రుకల మీద వేలు పెట్టి, పిల్ల లేచి నిలబడిందా అని అడిగింది. లేదన్నాడు. మెడ వెనక్కి వంచిందా అంది. పక్కనుండి చూసినట్టు అడుగుతోందేమిటని ఆయన పుస్తకం మూసేశాడు. అప్పుడు ఆమె నిదానంగా చెప్పింది. ఆ రంగే ఆ జబ్బు, రెండూ ఒకే విత్తనం. తల్లిలో సగం, తండ్రిలో సగం పైకి కనబడకుండా దాక్కుని ఉంటుంది. రెండు సగాలూ కలిసిన పిల్లకి ఆ రంగొస్తుంది, ఆ రంగొచ్చిన పిల్ల నిలబడదు. ఈ రెండింటినీ విడివిడిగా వేరే గుర్రాలతో జతకట్టించినా ఫరవాలేదు, ఒకదానితో ఒకటి మాత్రం వద్దు. కాళ్ళు పట్టి లాగినవాడి తప్పు ఇందులో ఏమీ లేదు.

రంగులాయన తలూపాడు. ఆమెని గేటు దాకా సాగనంపాడు. ఆ మాట పెళ్ళానికి చెప్పలేదు, బావమరిదికీ చెప్పలేదు. పది రోజులాగి మగగుర్రాన్ని పంపమని కబురు పెట్టాడు. ఈ చిన్నపిల్ల తొట్టి మొహం చూసిందా, ముంచు సంగతి తెలుసా అనుకున్నాడు. మనిషికి వినాలని లేకపోతే చెవులు రెండున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పదకొండు నెలలకి, ఉదయం ఎండ షెడ్డులోకి పడుతుండగా గుర్రం ఈనింది. ఆయన తుడవలేదు. నిలబడి, ఆరేదాకా చూశాడు. చెవుల దగ్గర మొదలై, మెడ దిగి, వీపంతా అదే రంగు. ఈసారి పుస్తకం తేలేదు. ఎందుకంటే పిల్ల మెడ అప్పుడే వెనక్కి వంగుతోంది.

మూడు రోజులు ఆ షెడ్డులో జరిగింది చెప్పుకోవాలంటే నోరు రాదు. దూలానికి గుడ్డలారేసే కర్ర కట్టాడు. కార్ఖానాలో మిగిలిన పాత తాను ఒకటి పిల్ల పొట్ట కింద నుంచి తీసి, ఊయలలా పైకి లాగి, కాళ్ళు నేలకి ఆనించి పట్టుకున్నాడు. చూశావా నిలబడింది అన్నాడు పెళ్ళాంతో. నిలబడింది గుడ్డ, పిల్ల కాదు. ఆవిడ పూటకోసారి పాలు పిండి సీసాలో పోసి తెచ్చేది. పిల్ల కళ్ళు మూసుకుని తాగేది. తాగాక వణికేది. వణుకు ఆగేదాకా ఆయన దాని కాళ్ళు రెండు చేతులతో పట్టుకునేవాడు, నీలం గోళ్ళు ఆ వెండి వెంట్రుకల్లో దిగబడేలా. తల్లిగుర్రం అడ్డకర్ర మీంచి తల చాపి పిలుస్తూనే ఉండేది.

మూడో రోజు ఆవిడే వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. దార్లో ఏ దేవుణ్ణి బతిమాలుకుందో ఏమో, గుమ్మంలోకి వస్తూనే అడిగింది:

"నిలబడుతుందా అమ్మా?"

డాక్టరమ్మ పిల్లని చూసింది, ఉయ్యాల కట్టిన తానుని చూసింది, ఆయన్ని చూసింది. "పోయినేడే చెప్పాను కదండీ పెద్దాయనకి" అంది.

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. ఆయన పిల్ల కాళ్ళ వైపే చూస్తున్నాడు.

"తెలిసే కట్టించావా?"

"రెండో ముంచుకి..." అని ఆపేశాడు.

ఆవిడా అదే కార్ఖానాలో పద్నాలుగేళ్ళు గుడ్డలు జాడించింది. గొంతు పెంచలేదు.

"ఇనుము నానేసిన నీళ్ళతో నల్లరంగు వేసేవాళ్ళం, గుర్తుందా? ఎంత నిగనిగలాడేది. రెండేళ్ళకి ఆ గుడ్డ చేత్తో పట్టుకుంటే పేలికలయ్యేది. కొన్ని రంగులు గుడ్డనే తింటాయి. అది నీకు తెలియదా? నాకే తెలుసే. నిలబడ్డ పిల్లలు అయిదుంటే అయిదింటినీ తోలేశావు. దీన్నేమో గుడ్డ కట్టి నిలబెడుతున్నావు."

ఆయన లేచి ముడి తనే విప్పాడు. పిల్లని గడ్డి మీద పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ సూది వేసింది. కాళ్ళు పరుగెత్తడం ఆపాయి. వెంట్రుకలు కత్తిరించలేదు.

ఆ సాయంత్రమే పక్క వీధికి వెళ్ళాడు. బావమరిది ఒక గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్ట చెక్కుతున్నాడు.

"నువ్వు లాగినందుకు కాదురా" అన్నాడు రంగులాయన. అంతకంటే రాలేదు. బావమరిది తలెత్తలేదు. ఆ మాట తనకి మొదటి రోజునే తెలుసన్నాడు. తర్వాత చాలాసేపు చెక్కి, ఎవరితోనో చెప్పినట్టు చెప్పాడు.

"మాస్టారు నెల కిందట తోకని తోలుకొచ్చాడు బావా. కట్టించాం. చూలు కూడా కట్టింది."

"దేనితో?"

"నా దగ్గరున్నది ఒకటేగా."

తోక తండ్రి అదే నల్లగుర్రం. ఆ సగం తోకలోనూ దాక్కుని ఉండొచ్చు. రంగులాయన అక్కడి నుంచి అక్కడే సవారీ మైదానానికి నడిచాడు. మాస్టారు గేటు దగ్గరే ఎదురొచ్చి, ఆయన నోరు తెరిచేలోపే మీ నోటి చలవ అంటూ మొదలెట్టాడు. ఆ నెత్తురులో రంగుందని మీరే అన్నారుగా, తండ్రీ కూతుళ్ళని కలిపితే మీకంటే ముందే నాకొస్తుందనుకున్నా అన్నాడు.

రంగులాయన అంతా చెప్పాడు. సగం, సగం, మెడ వంచడం, మూడు రోజులు, సూది. రావచ్చు, రాకపోవచ్చు, వస్తే మాత్రం బతకదని చెప్పాడు. బతుకులో అంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. మాస్టారు చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"మీకు రాలేదని నాకూ రాకూడదా పెద్దాయనా? ఆ రంగు ఇంకెవరి దగ్గరా ఉండకూడదు, అంతేగా?"

ఏడేళ్ళు వీధి వీధి తిరిగి చెప్పిన అబద్ధాన్ని అందరూ నమ్మారు. ఒక్కరోజు చెప్పిన నిజానికి సాక్షి కావాలట. డాక్టరమ్మని అడగమన్నాడు. ఆవిడ మీ మనిషేగా అన్నాడు మాస్టారు.

ఇంటికొచ్చాక పెళ్ళాం ఒక్కటే అడిగింది, విన్నాడా అని. లేదన్నాడు. అయితే మళ్ళీ వెళ్ళు అంది.

వెళ్ళాడు. వారానికోసారి, తర్వాత రోజు మార్చి రోజు. మాస్టారు మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత గేటుకి తాళం వేయించాడు. రంగులాయన కంచె బయట నిలబడేవాడు. తోక మైదానం ఆ కొస నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేది. ఆయన నడిస్తే లోపల్నుంచి పక్కనే నడిచేది, కంచె మలుపు దాకా, ఆ పైన దారి లేదు గనక ఆగేది. నెల నెలకీ పొట్ట పెరిగింది, నడక నెమ్మదించింది.

తొమ్మిదో నెలలో ఒక రోజు ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి పొట్ట మీద ఆనించాడు. లోపల పిల్ల తన్నింది. మళ్ళీ తన్నింది. కాళ్ళు బలంగానే ఉన్నాయి. లోపల ఉన్నంతసేపు అన్నింటి కాళ్ళూ బలంగానే ఉంటాయి. ఆయన చెయ్యి తీయలేదు. తోక ఆయన భుజం మీద తల ఆనించి, కళ్ళు మూసుకుంది.