పొయ్యి మన్ను పూసిన సైలెన్సరు

మామ పోయారన్న కబురు మదనపల్లె నుంచి వచ్చే తొలి బస్సు కండక్టరు తెచ్చాడు. పుంగనూరులో మా గడప ముందు నిలబడి, "పెద్దాయన లేడమ్మా" అన్నాడు. ఆయన మా ఆయన తండ్రి. నాకు చేసిన మేలు ఒకటుంది. అది చెప్పుకోకుండా ఊరికే ఏడవడం నాకు చేతకావడం లేదు.

మదనపల్లెకు కొత్త కోడలిగా వెళ్ళినప్పుడు మామ నాకు ఒక దగ్గుగానే తెలుసు. ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట నిలబడకూడదు, మాట్లాడకూడదు. అందుకని ఆయన వాకిట్లోనే గట్టిగా దగ్గేవారు, నేను తలుపు చాటుకు తప్పుకునేదాన్ని. ఆయనకు జలుబు చేస్తే నాకు రోజంతా పరుగులే.

ఆ వేసవిలో అమ్మకు పక్షవాతం వచ్చిందని కుప్పం నుంచి టెలిగ్రాం వచ్చింది. ఆరోజు బస్సుల సమ్మె, మెకానిక్ షెడ్లు కూడా మూసేశారు. మా ఆయన ఉద్యోగం మీద కలికిరిలో ఉన్నారు. ఇక దిక్కు మామ పాత కారే. దాని సైలెన్సరేమో ముందురోజే తోట దారిలో రాయి తగిలి చీలింది. స్టార్టు చేస్తే వీధంతా ఉలిక్కిపడేది, పొగ సీట్ల కిందినుంచి లోపలికే వచ్చేది.

మామ నూనె డబ్బా కత్తిరించి, ఆ రేకు చీలిక మీద చుట్టి, కట్టుకంబితో బిగించారు. అయినా అంచుల్లోంచి పొగ చిమ్మింది. మళ్ళీ విప్పారు, మళ్ళీ కట్టారు. నాకు ప్రాణం అమ్మ దగ్గరే ఉంది. ఉండబట్టలేక తలుపు చాటునుంచే అన్నాను: "పొయ్యి మన్ను పూస్తే నిలుస్తాది మామా."

ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"యాడుందమ్మా మన్ను? నువ్వే కలిపి పట్టుకొని రా" అన్నారు ఆయన, కారు కిందినుంచి.

బూడిద, ఉప్పు వేసి పిసికి తెచ్చాను. రేకు పట్టుకోడానికి ఇంకో చెయ్యి కావాలన్నారు. అత్త బుగ్గలు నొక్కుకుంది. "కోడలు మామ పక్కన కారు కిందికి దూరేదేమి?"

"బిడ్డ వాళ్ళమ్మ కాడికి పోవల్ల. సిగ్గు తర్వాత పడతాం లే" అన్నారు మామ.

చీర చెంగు దోపుకుని దూరాను. ఇద్దరం అంచుల వెంట మన్ను అదిమాం. ఇంజను వేడికే అది ఆరి గట్టిపడింది. అద్దాలన్నీ దించుకుని బయల్దేరాం. పలమనేరు దాటాక శబ్దం మళ్ళీ మొదలైంది. నేను బిక్కమొహం వేస్తే, "బండి అరిస్తే అరవనీమ్మా, ఆగకుంటే సాలు" అన్నారు.

అమ్మ నన్ను గుర్తుపట్టింది. మాట లేదు గాని, నా గోళ్ళలో ఇరుక్కున్న మన్ను చూసి నోరు ఒక పక్కకే సాగదీసి నవ్వింది. ఆ వారం గడవకుండానే పోయింది. ఆ నవ్వు నాకు దక్కింది మామ వల్లే.

ఆ తర్వాత మామ ఇంట్లోకి దగ్గకుండానే వచ్చేవారు. "అమ్మా, కాఫీ ఉండాదా?" అంటూ నేరుగా వంటింటి గడప మీద కూర్చునేవారు. అత్త కొన్నాళ్ళు సణిగింది, తర్వాత తనూ వచ్చి పక్కన కూర్చుంది. కారుకు కొత్త సైలెన్సరు వేయించారు గాని పాతది పారేయలేదు. పాత ఇనుము కొనేవాడు అడిగితే, "అది మా కోడలి పని. అమ్మేది కాదప్పా" అన్నారట.

మొన్న ఆయన్ను సాగనంపాక మదనపల్లె ఇంటి కొట్టంలోకి వెళ్ళాను. ఆ గొట్టం ఇంకా కొక్కేనికి వేలాడుతోంది. మన్ను చాలావరకు రాలిపోయింది. మిగిలిన పెళ్ళ మీద మా వేళ్ళ గుర్తులు వేడికి కాలి అట్లే ఉన్నాయి. నా గుర్తుల్లో వేళ్ళు పెట్టి చూశాను. ఇప్పుడు లావెక్కాయి, పట్టలేదు. పక్కనే ఆయన బొటనవేలి గుంట ఉంది. అందులో నా వేలు పట్టింది.