ఇల్లు ఉన్నదని రెండుసార్లు రాశాను

మా బడి వరండాలో ఇన్నేళ్లుగా పడుకుంటూ వచ్చిన సిపాయి కిందటి వారం నల్గొండ దవాఖానలో పోయాడు. కబురు తెచ్చింది పొద్దుటి బస్సు కండక్టరు. బడి ముందు బస్సు ఆపించి, మెట్టు మీద నిలబడే కేకేశాడు.

"సారూ, మీ సిపాయి పానం ఇడిసిండట. శవాన్ని తెచ్చుకోను ఎవలన్న రావాల్నని దవాఖానోళ్లు చెప్పి పంపిండ్రు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన, ఇవాళ గంట ఎవరు కొడతారని. బడి గంట కొట్టేది ఆయనే. జీతం లేదు, కొట్టమని ఎవరూ చెప్పలేదు, తనంతట తాను మొదలుపెట్టి ఒక్క రోజూ తప్పలేదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి నాలుగు మాటలు చెప్పి దండం పెట్టి ఊరుకోవడం మర్యాద. కానీ ఆయన మంచి చెప్పాలంటే నా చెడ్డ కూడా చెప్పాలి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మా ఊరు నందికొండ పోయే తోవలో ఉంటుంది. ఆయన మా ఊరివాడే. పదహారేళ్లప్పుడు ఇంట్లో చెప్పకుండా సికింద్రాబాదు పోయి ఇంగ్లీషువాళ్ల ఫౌజులో చేరాడు. బర్మాలో లారీలు నడిపాడు. యుద్ధం అయిపోగానే చాలామందితో పాటు ఆయన్నీ ఇంటికి పంపేశారు. పింఛను రాదు. ఊళ్లో ముఖం చెల్లక పట్నంలో ఏదో మిల్లు ముందు కాపలా కాసి, ఆ మిల్లు మూతపడ్డాక తిరిగొచ్చాడు. అప్పటికి ఆయన చచ్చిపోయాడనే అనుకున్నారు అందరూ. అన్న కొడుకులకు పెళ్లిళ్లయి, ఆ ఉన్న మూడు అర్రలూ నిండిపోయాయి. నాలుగు నెలలు అన్న ఇంట్లో తిన్నాడు. విస్తరి మొదట అన్న పక్కన వేసేవారు, తర్వాత దర్వాజ దగ్గర, ఆ తర్వాత గొడ్ల కొట్టం వైపు. ఒకరోజు ఇనుప పెట్టె భుజాన పెట్టుకుని బడి అరుగు మీదికి వచ్చేశాడు. ఏమైందని అడిగితే, "వదినె మంచిదే సారూ. ఇల్లే ఇరుకు," అన్నాడు. ఇన్నేళ్లలో ఆ ఇంటి గురించి ఇంకొక్క మాట ఆయన నోట వినలేదు.

మనిషి పద్ధతి మనిషిది. పొద్దున నేను వచ్చేసరికి గడ్డం గీసుకుని, గొంగడి నాలుగు మడతలు పెట్టి, కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడి ఉండేవాడు. నాకు సలాం కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పిల్లలకు కవాతు నేర్పాడు. ఎడమ కాలు ఏదో కుడి కాలు ఏదో తెలియని మా పిల్లలు వాళ్లెవరో పెద్ద పల్టనైనట్టు నడిచేవాళ్లు. మా ఇంటావిడ పొద్దుటి పూట జొన్నరొట్టె పంపేది. తిని ఊరుకునే రకం కాదు. ఆ సాయంత్రానికి మా ఇంటి ముందు కట్టెలు కొట్టి ఉండేవి.

బడి అంటే అప్పుడు ఒక పాత కొట్టం. వానాకాలం పాఠం చెప్పడం కంటే పిల్లల్ని కురవని మూలకు జరపడమే నా ఉద్యోగం. ఒక ఆదివారం పడమటి గోడ కూలింది. సోమవారం కూలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. ఊళ్లో గట్టి కట్టడం ఒక్కటే ఉండేది, దాన్ని నాకా అనేవాళ్లు. నిజాం కాలంలో ఏరు దాటి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసిన రాతి ఇల్లు. సుంకం ఎత్తేశాక తాళం వేసి వదిలేశారు. దాన్ని బడికి ఇమ్మని నేను రెండేళ్లు అర్జీలు రాశాను.

ఇంతలో చైనాతో యుద్ధం వచ్చింది. సిపాయిలంటే అందరికీ ఒక్కసారిగా గౌరవం పుట్టుకొచ్చింది. పంచాయతీ సమితి నుంచి ఒక అధికారి వచ్చి నాకా ముందర గ్రామసభ పెట్టించాడు. నాకాను నాలుగు గదులు చేసి, ఫౌజు నుంచి తిరిగొచ్చి నిలువనీడ లేనివాళ్లకు ఇస్తారట. సగం కిరాయి సమితి కడుతుంది. రెండేళ్లుండి, ఈలోగా పని చూసుకుని, తర్వాత వచ్చేవాళ్లకు గది వదలాలి. కాగితం మీద మూడు పేర్లున్నాయి. మొదటిది మా సిపాయిది, మిగతా ఇద్దరూ పక్క ఊళ్లవాళ్లు. ముగ్గురూ వచ్చి జనం వెనక, నాకా గోడకు ఆనుకుని నిలబడ్డారు.

మాటలు మొదలయ్యాయి. "వీళ్లు కొట్లాడింది ఇంగ్లీషోని కోసం. ఇల్లు గూడ ఇంగ్లీషోన్నే అడుగుమను," అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

"రెండేండ్లంటరు గని, ఒక్కపారి జొర్రినంక ఎవడు ఎల్తడు? కిరాయికిచ్చినోనికి తెలుస్తది ఆ తిప్పలు," అన్నాడు సర్పంచి.

"గుడిసెలు కాలినోళ్లు మా గల్లీల నలుగురున్నరు. కూలోళ్లం గాబట్టి మాకు నీడ అక్కర్లేదా?" అని ఇంకొకతను లేచాడు. అధికారి చేతిలోని కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు.

అప్పుడు ఒక ముసలామె ముందుకొచ్చింది. ఒక్కడే కొడుకు ఆమెకు, ఫౌజులో ఉన్నాడు. "నా కొడుకు గాడ మంచుల నిలవడ్డడు అయ్యా. నేనుంటె నా గుడిసె ఉంటది, నేను పోతె కూలుతది. రేపు వాడు తిరిగొస్తె, వాన్ని గూడ బడి అరుగు మీదనే పండవెడ్తరా?"

సర్పంచి తల గోక్కున్నాడు. ఇంకొక్క నిమిషం నేను నోరు మూసుకుని ఉంటే చేతులు లేచేవి, గదులు వాళ్లకు వచ్చేవి. మళ్లీ వానాకాలం వస్తోంది, మళ్లీ ఆ కొట్టం, ఆ గోడలు. నేను లేచాను.

"ఇల్లు లేనోళ్లకే గద ఈ గదులు," అన్నాను. "మన సిపాయికి ఇల్లున్నదో లేదో ముందు ఆయన్నే అడుగుదాం."

అయ్యో, ఎంత న్యాయంగా ఉంది చూడండి ఆ మాట! కానీ నాకు తెలుసు. సభలో ముందు వరస మంచం మీద ఆయన అన్న కూర్చుని ఉన్నాడు. మా దిక్కు అన్న కూర్చున్న చోట తమ్ముడు కూర్చోడు. అలాంటిది, ఊరందరి ముందు నాకు ఇల్లు లేదని చెప్పడమంటే మా అన్న నన్ను వెళ్లగొట్టాడని చాటింపు వేయడమే. ఆ మాట ఆయన చచ్చినా అనడు. అనడని తెలిసే అడిగాను. ఆయన ఇనుప పెట్టె రోజూ పొద్దున నా కళ్లముందే ఉంటుంది. ఏమీ తెలియనివాడిలా ఆయన వైపు తిరిగి, "ఏం సిపాయీ, నీకు ఊళ్ల ఇల్లున్నదా, లేదా? సభల చెప్పు," అన్నాను.

ఆయన కాళ్లు దగ్గరికి చేర్చాడు. నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నాకు బడి కోసం ఆ కట్టడం ఎంత అవసరమో తూకం వేసినట్టు చూశాడు. తర్వాత అన్న వైపు చూసి గట్టిగా చెప్పాడు.

"ఉన్నది సారూ. మా అన్న ఇల్లు నా ఇల్లు గాదా?"

అన్న తల దించుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. పక్క ఊళ్లవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదటివాడే ఇల్లుందన్నాక మాకు లేదని అడుక్కోవడం వాళ్ల చేత కాలేదు. మెల్లగా వెళ్లిపోయారు. వాళ్లలో ఒకతన్ని తర్వాత నందికొండ డ్యాం పనిలో రాళ్లు మోస్తుండగా చూశాను. అతను నన్ను గుర్తుపట్టకముందే పక్కకు తప్పుకున్నాను.

నా దస్తూరీ బాగుంటుందని పంచాయతీ తీర్మానాల పుస్తకం నా చేతే రాయించేవారు. ఆ రోజూ నేనే రాశాను. "ఈ గ్రామమున నివాసగృహము లేని మాజీ సైనికులు ఎవరును లేరు. కావున నాకా భవనమును పాఠశాలకు ఇచ్చుటకు తీర్మానించడమైనది." ఒక్క కొట్టివేత కూడా లేదు.

ఇంటికొచ్చి ఆ సంబరం చెప్పబోతే మా ఇంటావిడ చేట పక్కన పెట్టి నన్నే చూస్తూ కూర్చుంది. "మీరు పిల్లల కోసం అడిగిండ్రు, మంచిదే. గని ఆయన్ని అందరి ముంగట ఎందుకు నిలవెట్టిండ్రు? ఆయన ఏమంటడో మీకు ఎరుకే గద," అంది. ఆ రోజు నుంచి రొట్టె తానే తీసుకెళ్లి ఇచ్చి వచ్చేది.

బడి నాకాలోకి మారింది. బెంచీలు మోసింది సిపాయే. చివరి బెంచీ లోపల పెట్టి, తన ఇనుప పెట్టె తెచ్చి ఆ నాకా వరండాలో ఒక మూల పెట్టుకున్నాడు. మరునాడు నన్ను ఒక సుద్దముక్క అడిగి తీసుకున్నాడు. గొంగడి పరిచే జాగా చుట్టూ నాలుగు గీతలు గీశాడు, ఒక వైపు దర్వాజకు సందు వదిలాడు. "గిది నా బ్యారక్," అని పిల్లలకు చెప్పాడు. గీత దాటాలంటే బయట నిలబడి "రావొచ్చా?" అని అడగాలి. లోపలి నుంచి ఆయన "ఆజావ్!" అని ఒక్క అరుపు అరవాలి. అప్పుడే రావాలి. పిల్లలకు అది పెద్ద ఆట. నేనూ మొదటి రోజు నవ్వాను. గీతలు చెరిగినప్పుడల్లా వచ్చి సుద్ద అడిగేవాడు. ప్రతిసారీ ఇచ్చాను, మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

ఏడాది తర్వాత ధైర్యం చేశాను. బడి వెనక సామాన్ల గది ఒకటుంది, అందులో ఉండమన్నాను. గలగలా నవ్వాడు.

"పుస్తకంల నాకు ఇల్లున్నదని రాసినవ్ గద సారూ. రెండిండ్లు నాకెందుకు?"

"జర తమాషాలు బందువెట్టు. సలి పెడ్తాంది."

"బర్మాల వానకు నిలవడే నిద్రపోయినం. గిది మహలు. ఆ గదిల పిల్లగాండ్ల పుస్తకాలు వెట్టు, చెదలు పట్టవు."

ఇంకో మాట బతిమాలవచ్చు. నేను బతిమాలలేదు. కాదన్నందుకు లోపల ఎక్కడో హాయిగా ఉండింది.

ఈ చలికాలం దగ్గు పట్టింది, జ్వరం దిగలేదు. నల్గొండ తీసుకుపోతానంటే ముందు గడ్డం గీసుకున్నాడు. గొంగడి మడిచి తన గీతల మధ్య పెట్టి, "వచ్చినంక పరుచుకుంట," అన్నాడు. దవాఖానలో రిజిస్టరు రాసే మనిషి నన్నే తండ్రి పేరు, ఊరు అడిగి, ఇల్లెక్కడని అడిగాడు. ఇన్నాళ్లకైనా నిజం చెబుదామనుకున్నాను.

"ఇల్లు లేదు. రాసుకోండి," అన్నాను.

బల్ల మీద కళ్లు మూసుకుని పడుకున్నవాడు నా అంగీ చేయి పట్టి లాగాడు. "గట్ల రాయించకు సారూ. అన్న మీద మాటొస్తది. ఉన్నదని రాయి."

ఆయన చేతిలో నా అంగీ అలాగే ఉంది. రిజిస్టరు మనిషి విసుక్కుని కలం నాకిచ్చాడు, మీరే రాయండి అన్నాడు. అన్న పేరు, అన్న ఇంటి నంబరు రాశాను. నా దస్తూరీ ఇంకా బాగానే ఉంది. మరునాడు బడి ఉందని సాయంత్రం బస్సుకు వచ్చేశాను. తెల్లారి పొద్దున్నే కండక్టరు ఆ కబురు తెచ్చాడు.

శవాన్ని తెచ్చి బడి వరండాలో దించాక అన్న పరుగున వచ్చి, ఇంటికే తీసుకుపోదామన్నాడు. బయట పోయినవాళ్ల శవం ఇంట్లోకి రాకూడదని కొడుకులు అడ్డుపడ్డారు. ముసలాయన వరండా మెట్టు మీద కూలబడి, "ఇల్లున్నదని నలుగుర్ల నా పరువు నిలవెట్టిండు, వానికి ఒక్క మూల ఇయ్యకపోతిని," అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. ఏడవడానికి ఆయనకున్నంత హక్కు నాకు లేదనిపించి ఊరికే కూర్చున్నాను. కడసారి స్నానం వరండాలోనే, సిపాయి జాగాలోనే చేయించారు. ఆ నీళ్లకు సుద్ద గీతలు నాలుగూ కరిగి మెట్ల మీదుగా పోయాయి. గొంగడి ఆయనతోనే పంపాం.

నిన్న బడి తెరిచాను. గంట నేనే కొట్టాను, సరిగా మోగలేదు. పిల్లలు వరసగా లోపలికి వస్తూ ఆ మూల దగ్గర పక్కకు తిరిగి, లేని గీతను తొక్కకుండా నడిచారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం రెండో తరగతి పిల్ల చేతిలో నుంచి బలపం జారి, దొర్లుకుంటూ పోయి సరిగ్గా ఆ ఖాళీ జాగా నడుమ ఆగింది. ఆ పిల్ల గీత ఉండే చోటి దాకా పరుగెత్తి, టక్కున ఆగి, కాళ్లు దగ్గరికి చేర్చి అడిగింది.

"రావొచ్చా?"

మిగతా పిల్లలు పలకలు దించి చూస్తున్నారు. ఆ పిల్ల జవాబు కోసం నా వైపు తిరిగింది. ఆజావ్ అనాల్సింది ఆ గీత లోపలి మనిషి. వెళ్లి ఆ పిల్ల పక్కనే, గీతకు బయటే నిలబడ్డాను.